మూషికబాధ - నివారణ

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి కప్పును ఆశ్రయించి బ్రతికే ఎలుకను ఆనవాళ్ళను బట్టి గుర్తించడం, దాని జీవన విధానాన్ని తెలుసుకోవడం, మనుషులకు ప్రమాదం లేని పద్ధతుల్లో దానిని అదుపు చేయడం ఎట్లాగో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. మన ప్రాచీన గ్రంథాల్లోని మూషిక ప్రస్తావనలకూ నేటి శాస్త్రజ్ఞానానికీ గల పొత్తును కూడా విద్యార్థులు ఇందులో గమనించవచ్చు.

పాఠం

'ఈతిబాధలు' అనే మాటను నేడు కష్టాలన్నింటికీ వాడుతున్నాం. ప్రాచీనులు మాత్రం దానికి నిర్దిష్టమైన అర్థం చెప్పారు. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగు రాజుల దండయాత్ర - ఈ ఆరూ ఈతులు. వరద, కరువు, శత్రుసేన వంటి మహోపద్రవాల సరసన జానెడు కూడా లేని ఎలుకను వారు ఎందుకు నిలిపారు? ఒక కారు పంటతో ఏడాదంతా గడుపుకోవలసిన మెట్టసీమ వాసులకు ఈ ప్రశ్నకు సమాధానం అనుభవపూర్వకంగా తెలుసు. వానదేవుడు కరుణించి పండిన గింజలు ఇల్లు చేరిన తరువాత కూడా వాటికి రక్షణ లేదు. పొలంలో తప్పించుకున్న పంట ఇంటి అటక మీద ఎలుక పాలవుతుంది.

కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో దైవికమైన ఎనిమిది మహాభయాలను పేర్కొన్నాడు. అగ్ని, జలం, వ్యాధి, దుర్భిక్షం, ఎలుకలు, క్రూరమృగాలు, పాములు, రాక్షసులు అనేవి ఆ ఎనిమిది. ఎలుకల బెడద ఏర్పడినప్పుడు పిల్లులను, ముంగిసలను విడవాలని, వాటిని పట్టినా చంపినా పన్నెండు పణాల జరిమానా విధించాలని ఆయన శాసించాడు. శత్రువుకు సహజ శత్రువును కాపాడుకోవాలనే సూక్ష్మం ఆనాడే మనవారికి తెలుసునన్న మాట.

పేర్లలో దాగిన లక్షణాలు

ఎలుకకు సంస్కృతంలో ఉన్న పేర్లు దాని స్వభావాన్ని చక్కగా చెబుతాయి. దొంగిలించడం అనే అర్థం గల 'ముష్' ధాతువు నుండి మూషికం అనే పదం పుట్టింది. త్రవ్వేది కనుక దానికి ఆఖువు అని, ఖనకమని పేర్లు వచ్చాయి. వినాయకుడు ఆఖువాహనుడైనాడు. తెలుగు 'ఎలుక'కు తమిళంలోని 'ఎలి', కన్నడంలోని 'ఇలి' తోబుట్టువులు. 'పందికొక్కు' చరిత్ర మరీ వింతైనది. ఆంగ్లేయులు ఈ అచ్చ తెనుగు మాటనే 'బాండికూట్'గా తమ భాషలోకి తీసుకొన్నారు. తరువాత ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు.

మనం ఈ పాఠంలో చెప్పుకొనే ఇంటి ఎలుక కూడా అటువంటి ప్రయాణికురాలే. 'రాటస్ రాటస్' అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ జాతికి భారత ఉపఖండం పుట్టినిల్లు. ధాన్యపు మూటలతో ఓడలెక్కి ఇది లోకమంతా వ్యాపించింది. రోమను సామ్రాజ్య కాలంలో ఒకసారి, మధ్యయుగాల్లో మరొకసారి ఇది ఐరోపాలో అడుగుపెట్టిందని పురాతన ఎలుకల ఎముకల్లోని జన్యుపదార్థాన్ని పరిశీలించి 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇంటి కప్పు - ఎలుక కాపురం

కడప సీమలోని రాజంపేట చెయ్యేటి పరీవాహక ప్రాంతంలో ఉంది. అన్నమాచార్యులు జన్మించిన తాళ్ళపాక దానికి చేరువలోని గ్రామమే. ఈ చుట్టుప్రక్కల మామిడి, అరటి, బొప్పాయి తోటలున్నాయి. నీటి వసతి గలచోట వరి, మెట్టలో వేరుశెనగ పండుతాయి. చెట్టెక్కగలిగిన జీవికి తోటలో పండు, ఇంటిలో గింజ - రెండూ సిద్ధంగా ఉంటాయి.

రాయలసీమ మిద్దె ఇల్లు ఎలుకకు అనువైన కాపురం. దూలాల మీద దంతెలు పరచి, వాటిపై మన్ను కప్పిన మిద్దెలో సందులకు కొదవ లేదు. వెలుతురు కోసం విడిచిన గవాచి దానికి రాజద్వారం. బండల కప్పులో రెండు బండలు కలిసే చోట సున్నం రాలితే అదొక దారి. బోదకొట్టం సంగతి చెప్పనక్కరలేదు. నేటి సిమెంటు భవనాల్లోనూ ఎలుకకు తావు లేకపోలేదు. గోడలోని గొట్టాల రంధ్రాలు, కప్పు క్రింద అమర్చిన తెల్లని పలకల పై భాగం, నీటితొట్టి మూత ప్రక్కనున్న సందు దానికి చాలు. వేసవిలో వాగులు ఎండినప్పుడు నీటి కోసం, పంట కోసిన తరువాత గింజ కోసం అది ఇంటి ముఖం పడుతుంది.

గుర్తించడం ఎట్లా?

ఇంటి చుట్టూ తిరిగే చిన్న జంతువులన్నీ ఒకటి కావు. శత్రువును గుర్తించకుండా చేసే పోరు నిష్ఫలం కనుక ముందుగా వాటి భేదాలను తెలుసుకోవాలి.

ఇంటి ఎలుక సన్నని దేహం గలది. బరువు సుమారు 100 నుండి 200 గ్రాములు. ముక్కు కొనదేరి ఉంటుంది. చెవులు పలుచగా, పెద్దవిగా ఉంటాయి. ముందుకు మడిస్తే కంటిని తాకుతాయి. తల, దేహం కలిపి ఎంత పొడవో తోక అంతకంటే ఎక్కువ పొడవు ఉంటుంది. ఇదే ప్రధానమైన ఆనవాలు. తీగ మీద, దూలం మీద నడిచేటప్పుడు ఆ తోకతోనే అది తూకం నిలుపుకొంటుంది. దీనికి నల్ల ఎలుక అనే పేరున్నా మన ఇళ్ళలో తిరిగేవి ఎక్కువగా గోధుమ వన్నెలో ఉంటాయి.

పందికొక్కు బలిసిన దేహం, మొద్దు ముక్కు గలది. తోక దేహం కంటే పొట్టి. పెద్ద పందికొక్కు అరకిలో దాటి తూగుతుంది. ఇది నేలను త్రవ్వి, కలుగు ముందు మన్ను కుప్పగా పోస్తుంది. పునాదుల ప్రక్కన, గడ్డివాముల క్రింద, మురుగు కాలువల గట్లలో దీని నివాసం. చిట్టెలుక బరువు 15 నుండి 20 గ్రాములే. బీరువాలో, పుస్తకాల మధ్య కాపురం పెడుతుంది. ఇక పొడవైన ముక్కు, చిన్న కళ్ళు, భరించలేని కంపు గల చుంచు ఎలుక జాతికే చెందదు. అది బొద్దింకలను, పురుగులను తిని బ్రతుకుతుంది. దానిని ఎలుకగా భ్రమించి చంపడం అవివేకం.

ఎలుక పగలు కనిపించదు. అది విడిచిన జాడలే మనకు ఆధారం. ఇంటి ఎలుక పెంటిక కదురు ఆకారంలో, రెండు కొనలూ సన్నగా, దాదాపు అర అంగుళం పొడవుంటుంది. చిట్టెలుకది బియ్యపుగింజంతే. ఎలుక రోజూ ఒకే దారిన గోడను రాసుకొంటూ నడుస్తుంది కనుక ఆ దారి పొడవునా ఒంటి జిడ్డు నల్లని చారగా పడుతుంది. రాత్రి కప్పు మీద పరుగుల చప్పుడు, చెక్కను కొరికిన పొట్టు, ఒక మూలకు చేరిన వేరుశెనగ తొక్కలు కూడా దాని ఉనికిని చాటుతాయి. సందేహమున్న చోట రాత్రి ముగ్గుపిండిని పలుచగా చల్లి తెల్లవారి చూడవచ్చు. ముందుకాళ్ళ నాలుగు వేళ్ళు, వెనుకకాళ్ళ అయిదు వేళ్ళు ఆ పొడి మీద స్పష్టంగా పడతాయి. కలుగును సాయంత్రం మట్టితో మూసి మరునాడు పరిశీలించాలి. తెరుచుకొని ఉంటే అందులో కాపురం ఉన్నట్టే.

ఎలుక జీవనం

ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆ పెరుగుదల ఏడాదికి నాలుగు అంగుళాలకు పైగా ఉంటుంది. వాటి ముందుభాగంలో మాత్రమే గట్టి పింగాణీ పొర ఉండడం వల్ల కొరికే కొద్దీ వెనుకభాగం అరిగి, అంచు ఉలి వలె పదునెక్కుతుంది. ఆకలి లేకపోయినా ఎలుక కొరకక మానదు. చెక్క, సబ్బు, పుస్తకం, విద్యుత్తు తీగ అనే విచక్షణ దానికి లేదు. తీగల తొడుగు ఊడి రెండు తీగలు తాకితే ఇల్లు అంటుకొనే ప్రమాదం ఉంది.

ఆడ ఎలుక గర్భం మూడు వారాలే. కాన్పుకు అయిదు నుండి ఎనిమిది పిల్లలు పుడతాయి. అవి మూడు నెలలకే పిల్లలను కనే వయసుకు వస్తాయి. అడవిలోనైనా ఇంటిలోనైనా ఎలుక ఆయుష్షు ఇంచుమించు ఏడాది మాత్రమే. అయినా ఈ సంతాన వేగం వల్ల దాని వంశానికి అంతం లేదు. పది ఎలుకలను చంపి, తిండిని యథాతథంగా ఉంచితే ఏమవుతుంది? మిగిలినవాటికి తిండి పెరుగుతుంది. పిల్లలు ఎక్కువగా బ్రతుకుతాయి. కొద్ది నెలల్లోనే పూర్వపు సంఖ్య పూర్తవుతుంది. ఎలుకల నివారణలో ప్రజలు పదేపదే ఓడిపోవడానికి మూలం ఇదే.

ఈ సత్యాన్ని ఒక కథ అందంగా బోధిస్తుంది. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' మిత్రలాభంలో హిరణ్యకుడనే మూషికరాజు ఉన్నాడు. చూడాకర్ణుడనే సన్న్యాసి తాను తినగా మిగిలిన అన్నాన్ని భిక్షాపాత్రలో ఉంచి, చిలుకకొయ్యకు తగిలించి నిద్రించేవాడు. ఎలుక రాత్రివేళ ఎగిరి దానిని తినేది. కర్రతో బెదరించినా ఫలితం లేకపోయింది. ఇంత ఎత్తు ఎగరడానికి ఈ అల్పజీవికి బలం ఎక్కడిదన్న ఆలోచన కలిగిన తరువాత, ఆయన దాని బిలాన్ని త్రవ్వించి అది కూడబెట్టినదంతా తీసివేశాడు. అంతటితో దాని బలం ఉడిగిపోయింది. కథలోని నీతి ధనానికి సంబంధించినదే అయినా గృహస్థుకు అది మరొక పాఠం చెబుతుంది: ఎలుక బలం దాని నిల్వలో ఉంది, ఆ నిల్వ మన చేతిలో ఉంది.

ఎలుక వల్ల కలిగే కీడు

తిన్న దానికంటే ఎలుక పాడుచేసే ధాన్యమే ఎక్కువ. గోతాన్ని కొరికి గింజలు రాల్చడం, మూత్రంతో, పెంటికలతో, వెంట్రుకలతో నిల్వను మలినం చేయడం దాని నిత్యకృత్యాలు. అంతకంటే ఘోరమైనవి అది మోసుకు వచ్చే రోగాలు.

1894లో హాంగ్‌కాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1896లో ఆ మహమ్మారి బొంబాయికి వచ్చింది. ఎలుకల మీది గోమారుల ద్వారా అది మనుషులకు సోకుతుందని 1898లో పాల్ లూయీ సిమండ్ నిరూపించాడు. ఆనాటి మద్రాసు రాజధానిలో బళ్ళారి సీమ కూడా ప్లేగు వాత పడింది. ఇంటి కప్పు నుండి ఎలుకలు చచ్చి రాలితే జనం ఊరు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకొన్న రోజులవి. నేడు ప్లేగుకు మందులున్నాయి. అయినా 1994లో సూరత్ నగరాన్ని వణికించిన ప్లేగు ఆ భయం పూర్తిగా తొలగిపోలేదని హెచ్చరించింది.

నేడు మనం ఎక్కువగా జాగ్రత్త పడవలసినది ఎలుక జ్వరం. వైద్యులు దీనిని లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి పుండ్ల ద్వారా, పగుళ్ళ ద్వారా శరీరంలోకి రోగాన్ని చేరుస్తుంది. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడతాయి. వరదలు వచ్చినప్పుడు కలుగులు మునిగి ఎలుకలు ఎత్తైన ఇళ్ళకు చేరతాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి వరద రాజంపేట, నందలూరు మండలాల గ్రామాలను ముంచెత్తింది. అటువంటి విపత్తుల తరువాత ఇళ్ళలోని బురదను ఎత్తేటప్పుడు కాళ్ళకు తొడుగులు వేసుకోవడం, నీటిని కాచి త్రాగడం, జ్వరం వస్తే వెంటనే వైద్యుని దర్శించడం అత్యవసరం.

ఎలుక వెంట వచ్చే మరొక అతిథి పాము. ఎలుకలున్న ఇల్లు దానికి అన్నసత్రం. ఎలుక త్రవ్విన కలుగే దానికి నివాసం. ఎలుకలను అదుపు చేసిన ఇంట పాముకాటు భయం కూడా తగ్గుతుంది.

నివారణోపాయాలు

మొదటి ఉపాయం ఆహారాన్ని అందకుండా చేయడం. పూర్వులు పాలు, పెరుగు, వెన్నలను ఉట్టి మీద పెట్టింది ఇందుకే. ధాన్యానికి గాదెలు, పాతరలు కట్టిందీ ఇందుకే. నేడు గోతాలను నేల మీద గోడకు ఆనించి పేర్చడం పరిపాటి అయింది. గింజలను మూత గల రేకు డబ్బాల్లో నిల్వ చేయాలి. గోతాలు తప్పనప్పుడు గోడకు రెండడుగుల దూరంలో చెక్కబల్లల మీద ఉంచాలి. రాత్రివేళ ఎంగిలి కంచాలను కడగకుండా వదలరాదు. కుక్కకు, కోళ్ళకు వేసిన మేతను చీకటి పడకముందే తీసివేయాలి. నీటికుండలకు, తొట్లకు మూతలు ఉంచాలి.

రెండవ ఉపాయం దారులను మూయడం. అర అంగుళం సందు ఉంటే ఎలుక దూరగలదు. చిట్టెలుకకు పావు అంగుళం చాలు. తలుపు క్రింది సందుకు రేకుపట్టీ కొట్టాలి. గవాచికి, కిటికీలకు సన్నని ఇనుప వల బిగించాలి. రంధ్రాలను ఇనుప పీచు కూరి సిమెంటుతో పూడ్చాలి. గుడ్డ, చెక్క, ప్లాస్టిక్కు దాని పళ్ళ ముందు నిలువవు. కప్పు మీదికి వాలిన చింత, వేప, మామిడి కొమ్మలను కనీసం మూడడుగుల దూరం ఉండేటట్టు నరకాలి. కొబ్బరిచెట్టు మొదలుకు మనిషి ఎత్తుకు పైన అడుగున్నర వెడల్పు రేకును చుట్టూ బిగిస్తే ఎలుక గోళ్ళకు పట్టు దొరకదు. ఓడలను రేవుకు కట్టే మోకులకు గుండ్రని రేకు పళ్ళేలు తొడగడంలో ఉన్న సూత్రమూ ఇదే. లోపలి ఎలుకలను పట్టిన తరువాతనే చివరి రంధ్రాన్ని మూయాలి. లేకుంటే అవి లోపలే చచ్చి దుర్గంధం వ్యాపిస్తుంది.

మూడవ ఉపాయం బోను. క్రొత్త వస్తువును శంకించడం ఎలుక స్వభావం. అందుచేత మొదటి రెండు మూడు రాత్రులు బోనును బిగించకుండా ఎర మాత్రమే ఉంచాలి. దానికి నమ్మకం కుదిరిన తరువాత ఇంటిలోని బోనులన్నింటినీ ఒకే రాత్రి బిగించాలి. నడిగదిలో ఉంచిన బోను వ్యర్థం. జిడ్డు చార కనిపించే గోడ ప్రక్కన, దూలం మీద, అటక మీద ఉంచాలి. కాల్చిన కొబ్బరిముక్క, వేరుశెనగ ఉండ, పకోడి, ఎండుచేప మంచి ఎరలు. పట్టిన ఎలుకను వీధి చివర విడిచిపెడితే అది తిరిగి వస్తుంది. లేదా పొరుగింటికి పోతుంది. జిగురు అట్టల మీద ఎలుక గంటల తరబడి నరకయాతన పడుతుంది. వాటిని పలు రాష్ట్రాలు నిషేధించాయి. చెవికి వినిపించని ధ్వనులతో ఎలుకలను తరుముతాయని చెప్పి అమ్మే పరికరాలకు ఎలుకలు కొద్ది రోజుల్లో అలవాటు పడిపోతాయి.

చచ్చిన ఎలుకను చేతితో తాకరాదు. తొడుగులు వేసుకొని లోతుగా పాతిపెట్టాలి. పెంటికలను పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. బ్లీచింగ్ పొడి కలిపిన నీటిని చల్లి, కొంతసేపు నానిన తరువాత తుడవాలి.

విషం - విచక్షణ

'ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్టు' అని సామెత. ఇంటిలో విషప్రయోగం చేసేవారు ఈ సామెతను మరువరాదు. ఎలుకల కోసం అమ్మే ముద్దల్లో కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. పసిపిల్లలు దానిని పళ్ళు తోముకొనే ముద్దగా పొరబడిన విషాదాలు మన రాష్ట్రంలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ జరిగాయి. దానికి విరుగుడు లేదు. మొదట ఒకటి రెండు రోజులు బాధ తగ్గినట్టు కనిపించి, ఆ తరువాత కాలేయం పాడవుతుంది. కనుక కొంచెం మింగినా, ఏ బాధా లేకపోయినా, 108 వాహనాన్ని పిలిచి తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. ఆ విషపు పెట్టెను కూడా వెంట తీసుకువెళ్ళాలి. పొలాల్లో వ్యవసాయాధికారుల సలహా మేరకు వాడే జింకు ఫాస్ఫైడు వంటివి కడుపులో విషవాయువును పుట్టిస్తాయి. వాటికి ఇంటిలో చోటు లేదు.

రక్తం గడ్డకట్టకుండా చేసే బ్రోమాడయోలోన్ వంటి మందుల పనితీరు వేరు. ఎలుక తిన్న కొన్ని రోజులకు గాని చావదు కాబట్టి మిగిలిన ఎలుకలు ఎరను అనుమానించవు. దీనికి విటమిన్ కె విరుగుడు. అయినా ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకు, పిల్లికి అది ప్రమాదమే. మొదటి మూడు ఉపాయాలూ ఫలించనప్పుడు, తెలిసినవారి పర్యవేక్షణలో, తాళం గల ఎరపెట్టెల్లో మాత్రమే దీనిని వాడాలి.

మరొక మాట. మనసు కలత చెందిన క్షణం గడిచిపోయేది. ఆ క్షణంలో విషం చేతికి అందకపోవడం ఒక ప్రాణాన్ని నిలుపుతుంది. ఇంటిలో విషం లేకపోవడమే ఉత్తమమైన రక్ష. దుఃఖంలో ఉన్నవారు పెద్దలతో, ఉపాధ్యాయులతో మాట్లాడాలి. 14416 నంబరుకు ఫోను చేసినా ఊరట కలిగించే మాట దొరుకుతుంది.

అందరి పని

గుడ్లగూబ, ముంగిస, జెర్రిపోతు, పిల్లి ఎలుకలకు సహజ శత్రువులు. అపశకునమని గుడ్లగూబను, పామన్న పేరుతో విషం లేని జెర్రిపోతును చంపడం మన శత్రువుకు సాయం చేయడమే. పొలాల్లో కలుగుల జాడ కనిపెట్టి, కుండతో పొగ పెట్టి ఎలుకలను పట్టడంలో యానాదులు నిపుణులు. తరతరాల పరిశీలన ఫలమైన వారి విద్య గౌరవింపదగినది.

ఎలుకకు పొరుగు, ఇరుగు అనే హద్దులు లేవు. ఒక ఇంట తరిమితే ప్రక్క ఇంటికి చేరుతుంది. అక్కడ తిండి దొరికితే మళ్ళీ పెరిగి వస్తుంది. అందుకే వ్యవసాయ శాఖ పొలాల్లో సామూహిక నివారణను ప్రోత్సహిస్తుంది. ఊళ్ళలో కూడా వీధివారందరూ ఒకే వారంలో చెత్తను తొలగించి, సందులు మూసి, బోనులు పెడితేనే ఫలితం నిలుస్తుంది. అతివృష్టినీ అనావృష్టినీ ఆపడం మన వశంలో లేదు. ఆరు ఈతుల్లో మన ఇంటి మూతతో, మన వీధి శుభ్రతతో అదుపు చేయగలిగినది ఇదొక్కటే. హిరణ్యకుని నిల్వను తొలగించిన సన్న్యాసి వివేకం ప్రతి గృహస్థుకూ అలవడాలి.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఇంటి ఎలుకను, పందికొక్కును, చిట్టెలుకను గుర్తించే విధానాన్ని వివరించండి.
2. ఎలుకల నివారణకు పాఠంలో చెప్పిన మూడు ఉపాయాలను విశదీకరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. హిరణ్యకుని కథ గృహస్థుకు బోధించే పాఠం ఏమిటి?
2. ఎలుకలను చంపినంత మాత్రాన వాటి సంఖ్య ఎందుకు తగ్గదు?
3. ఇంటిలో విషప్రయోగం వల్ల కలిగే అనర్థాలేవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మూషికం అనే పదం ఏ ధాతువు నుండి పుట్టింది?
2. ఈతిబాధలు ఎన్ని? అవి ఏవి?
3. 'నీతిచంద్రిక'ను రచించినది ఎవరు?

సంధులు విడదీయండి: మహోపద్రవం, నివారణోపాయం, అత్యవసరం
విగ్రహవాక్యాలు రాయండి: ఈతిబాధ, మూషికరాజు, విషప్రయోగం